కన్ను, కంటి, కండ్లు: ఒక మాట పుట్టుక, దాని విభక్తులు
(కరీంనగర్‌లో చేసిన భద్రిరాజు కృష్ణమూర్తి స్మారకోపన్యాసం పాఠం)



ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి పేరు మీద మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు ఏ విషయం ఎత్తుకోవాలా అని చాలా రోజులు ఆలోచించాను. ఆయన చేసిన పని చాలా పెద్దది. 1928 జూన్ 19న ఒంగోలులో పుట్టిన ఆ మనిషి 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పరిశోధన పూర్తిచేశారు. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టారు. హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. 1961లో అచ్చయిన తెలుగు ధాతువుల పుస్తకం నుంచి 2003లో కేంబ్రిడ్జి ప్రచురించిన ద్రావిడ భాషల గ్రంథం దాకా నలభై ఏళ్ళకు పైగా ఒకే ప్రశ్న వెంట నడిచారు: మనం మాట్లాడే ఈ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయి? అంత పనిని ఒక పూటలో చెప్పడం నాకు చేతకాదు. అందుకని ఒక్క మాట పట్టుకున్నాను. మనందరి ముఖాన ఉన్న మాట. కన్ను.

ఇంకో పేరు కూడా ఇక్కడ తలుచుకోవాలి. సామల సదాశివ గారు కూడా 1928లోనే పుట్టారు, ఆదిలాబాదు జిల్లాలో. ఇద్దరూ 2012 ఆగస్టులోనే, రోజుల తేడాతో వెళ్ళిపోయారు. ఒకరు భాషల చరిత్రను శాస్త్రంగా చెప్పారు. ఇంకొకరు నాలుగు భాషల నడుమ బతికిన ఊరి మనిషి యాదిని రాశారు. ఈ ఉపన్యాసంలో ఆ రెండు దారులూ కలవాలని నా కోరిక.

1. ఎర్ర సున్న

నేను చిన్నబడిలో ఉన్నప్పుడు ఒక రోజు చూచిరాతలో కాకుండా సొంతంగా నాలుగు వాక్యాలు రాయమన్నారు. మా అమ్మమ్మ గురించి రాశాను. 'మా అమ్మమ్మకు కండ్లు కనవడయి' అని రాశాను. ఆ 'కండ్లు' చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టి, పక్కన 'కళ్ళు' అని దిద్ది ఇచ్చారు. ఇంటికొచ్చి అమ్మమ్మకు చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. ఆ తర్వాత నా ముందర ఆ మాట అనాల్సి వస్తే కొంచెం ఆగి అనేది. దిద్దినవారి మీద నాకు కోపం లేదు. వారికి అచ్చుపుస్తకం అట్లనే చెప్పింది. కానీ అమ్మమ్మ ఆ ఆగడం మాత్రం నన్ను వదల్లేదు. నేను భాషాశాస్త్రం వైపు నడవడానికి అదే కారణం.

ఈ రోజు నేను మీ ముందు పెట్టేది ఆ ఎర్ర సున్నకు జవాబు. 'కండ్లు' తప్పు కాదని చెప్పి ఊరుకుంటే సరిపోదు. అది ఎందుకు అట్లా ఉందో, అందులో ఎన్ని వేల ఏండ్ల చరిత్ర ఉందో చెప్పాలి.

2. చుక్క పెట్టిన మాట

పాత మాట ఎట్లా ఉండేదో మనకెట్లా తెలుస్తుంది? రాత పుట్టకముందు మాట్లాడినవారిని ఎవరూ వినలేదు. అయినా వారి పిల్లల పిల్లలు ఇంకా మాట్లాడుతున్నారు. ఆ మాటలన్నీ పక్కపక్కన పెడితే తల్లి రూపం తేలుతుంది.

వినండి. తమిళంలో కణ్. మలయాళంలో కణ్ణు. కన్నడంలో కణ్ణు. తెలుగులో కన్ను. గోండిలో కన్. కోలామీలో కన్. బస్తరు వైపు పర్జీలో కన్. జార్ఖండు, ఛత్తీస్‌గఢ్ కొండల్లోని కురుఖ్‌లో, ఎక్కడో బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీలో కూడా ఇదే మాట. అక్కడ మొదటి క గొంతు లోపలి నుంచి రాపిడితో వచ్చే ఖ లాగా మారి ఖన్ అయింది. కన్యాకుమారి నుంచి బలూచిస్తాన్ దాకా కంటికి ఒకే పేరు. ఇన్ని భాషలు ఒకరి దగ్గర ఒకరు అప్పు తీసుకునే వీలు లేదు. కనుక ఇది పుట్టింటి సొమ్ము. ఈ భాషలన్నిటి తల్లి మూలద్రావిడంలో ఆ మాటను *కణ్ అని రాస్తారు. ముందున్న ఆ చుక్క గుర్తును 19వ శతాబ్దంలో జర్మన్ పండితుడు ఆగస్ట్ ష్లైఖర్ వ్యాప్తిలోకి తెచ్చారు. 'ఈ మాట ఎక్కడా రాసి దొరకలేదు, తర్కంతో కట్టుకున్నాం' అని దాని అర్థం. శాస్త్రం తన నిజాయితీని ఆ చిన్న చుక్కలో ఉంచుకుంది.

ద్రావిడ భాషలన్నీ ఒక కుటుంబమని 1816లో ఎల్లిస్ చూపారు. 1856లో కాల్డ్వెల్ వ్యాకరణం ఆ సంగతిని లోకానికి చాటింది. 1961లో బరో, ఎమెనో ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తెచ్చారు. 1984లో దాన్ని పెంచి మళ్ళీ అచ్చువేశారు. ఈ కుటుంబం వయసు దాదాపు 4,500 ఏండ్లని 2018లో వచ్చిన ఒక గణాంక పరిశోధన అంచనా కట్టింది. అంటే *కణ్ అనే మాట కనీసం అన్ని ఏండ్లుగా నోటి నుంచి నోటికి వస్తోంది.

ఒంటి మాటలనే ఎందుకు పట్టుకోవాలని విద్యార్థులు అడగొచ్చు. రాజులు మారితే 'పన్ను' పేరు మారుతుంది. కొత్త బట్ట వస్తే కొత్త పేరు వస్తుంది. కన్ను, చెవి, పల్లు, చెయ్యి మాత్రం ప్రతి బిడ్డ తల్లి ఒడిలో మొదట నేర్చుకుంటుంది. భాషల దగ్గరితనం కొలవడానికి మోరిస్ స్వాదేశ్ తయారుచేసిన నూరు మాటల పట్టికలో దాదాపు నాలుగోవంతు శరీర భాగాల పేర్లే. అవి తొందరగా అరగవు.

3. ఏకవచనం మరిచింది, విభక్తి దాచింది

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. *కణ్‌లో ణ ఉంది. తెలుగులో కన్నులో న ఉంది. ఆ ణ ఏమైంది?

తెలుగులో ఒంటరిగా ఉన్న పాత ణ, న అయిపోయింది. తమిళంలో మణ్ అంటే మట్టి, మనకు మన్ను. అది చెదరని సూత్రం. గోండి, కోలామీల్లో కూడా కన్ అనే వినపడుతుంది. అంటే ఈ ఉత్తర తెలంగాణలో ఏ గడపలో అడిగినా ఏకవచనంలో ణ దొరకదు.

కానీ అదే తెలుగు మనిషిని 'కన్ను'కు విభక్తి పెట్టి మాట్లాడమనండి. 'కంటికి' అంటాడు. 'కంట్ల నలుసు వడ్డది' అంటాడు. ఆ సున్న దగ్గర నాలుక ఎక్కడుందో గమనించండి. ట పలకడానికి నాలుక వెనక్కి మడుచుకుంటుంది. ఆ మడతలోనే ముక్కు శబ్దం కూడా వస్తుంది. అది ణ. కణ్ + టి. ఏకవచనం పోగొట్టుకున్న అక్షరాన్ని విభక్తి రూపం నాలుగు వేల ఏండ్లుగా భద్రంగా దాచింది.

మన వ్యాకరణాలు ఈ 'టి'కి ఒక పేరు పెట్టాయి: ఔపవిభక్తికం. ఇ, టి, తి అనేవి ఔపవిభక్తికాలని చిన్నయసూరి బాలవ్యాకరణం చదివిన ప్రతివారికీ తెలుసు. ఆ మూడింటికీ మన ఒంటి మీదనే ఉదాహరణలున్నాయి. కాలు, కాలికి: ఇ. కన్ను, కంటికి: టి. చెయ్యి, చేతికి: తి. నోరు నోటికి, గోరు గోటికి, ఒళ్ళు ఒంటికి. చిన్నపిల్లలకు ఈ పాఠం చెప్పడానికి నల్లబల్ల కూడా అక్కర్లేదు. వేలు పెట్టి ఒళ్ళు చూపిస్తే చాలు.

గోండిలో కూడా ఇదే పద్ధతి నడుస్తుంది. గోండిలో ఊరిని 'నార్' అంటారు. 'ఊర్లె' అనాలంటే 'నాటె' అంటారు. ర పోయి ట వచ్చింది. మన నోరు నోట్లె, ఏరు ఏట్లె కూడా అంతే. ఉట్నూరు సంతలో గోండు రైతు, తెలుగు రైతు పక్కపక్కన నిలబడి రెండు భాషలు మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. విభక్తి దగ్గర వాళ్ళ నాలుకలు ఒకే మలుపు తిరుగుతాయి.

4. ఆ 'డ' ఎక్కడిది?

ఇక కండ్లు. బహువచన ప్రత్యయం లు. పాత రోజుల్లో అది ళ-కారమని తమిళ 'కళ్', కన్నడ 'గళు' చెబుతున్నాయి. మనం కాలుకు బహువచనంగా కాళ్ళు అంటాం. అందులో కూడా ఆ ళ ఉంది. కణ్ మీద ఈ ళ వచ్చి చేరింది. కణ్ + ళు.

ణ ముక్కుతో పలికేది. ళ నోటితో, నాలుక పక్కల నుంచి గాలి వదిలి పలికేది. ఒకదాని నుంచి ఇంకొకదానికి పోయేటప్పుడు ముక్కు దారి ఒక లిప్త ముందుగా మూసుకుంటే, నాలుక ఇంకా అంగిట్లోనే ఆని ఉంటుంది. ఆ లిప్తలో వినపడేది డ. ఎవరూ కావాలని పెట్టలేదు. నోటి నిర్మాణమే దాన్ని పుట్టించింది. గ్రీకులో 'అనేర్' అంటే మగమనిషి. 'మగవాని' అనడానికి 'అన్ద్రోస్' అంటారు. న, ర కలిసినచోట ద పుట్టింది. ఏథెన్సు నోటికి, ఎల్గందుల నోటికి ఒకే కండరాలు, ఒకే న్యాయం.

కనుక కండ్లులో ప్రతి అక్షరానికీ లెక్క ఉంది. సున్న, పాత ణ. డ, రెండు శబ్దాల నడుమ వంతెన. లు, బహువచనం. ఆ తర్వాత కొన్ని ప్రాంతాల్లో ఈ మూడు కలిసి, ముక్కు శబ్దం పూర్తిగా పోయి, కళ్ళు అయింది. కళ్ళు కూడా న్యాయమైన రూపమే. అది కండ్లు బిడ్డ. బిడ్డను చూపించి తల్లిని తప్పనడం మాత్రం అన్యాయం.

ఇది తెలంగాణ మూలకు పరిమితమైన మాట అనుకునేవారు 1852 నాటి బ్రౌన్ నిఘంటువు తీసి చూడాలి. కన్నుకు బహువచనం దగ్గర కండ్లు ఉంది. నూట డెబ్బై ఏండ్ల కింద తెలుగువారి అచ్చుపుస్తకంలో ఉన్న మాట, ఆ తర్వాత ఎప్పుడో అచ్చులోంచి జారిపోయింది. ఇక్కడి నోళ్ళలో మాత్రం నిలిచింది. ఇండ్లు, పండ్లు, కండ్లు: మూడూ మనం ఇప్పటికీ అట్లనే అంటాం. కండ్లద్దాలు పెట్టుకుంటాం. కొడుకు దుబాయి నుంచి వస్తాడని చూసి చూసి తల్లుల కండ్లు కాయలు కాస్తాయి.

5. పల్లు ఎట్లా పన్నయింది

కన్ను తన పక్కవారిని కూడా మార్చింది. మూలద్రావిడంలో దంతానికి *పల్. తమిళంలో పల్, గోండిలో పల్, కురుఖ్‌లో పల్ల్. మన పెద్దలు 'పల్లు ఊడింది' అంటే అది ఆ పాత రూపమే. ఇల్లుకు ఇండ్లు అయినట్టు, పల్లుకు పండ్లు అయింది. కన్నుకు కండ్లు కదా. పండ్లు అన్నప్పుడు ఏకవచనం ఏమై ఉండాలి? పన్ను అయి ఉండాలని నోరు అనుకుంది. అట్లా పన్ను పుట్టింది. కన్ను పోలికను చూసి పల్లు తన ముఖం మార్చుకుంది.

దానితో మన దగ్గర ఇంకో ముచ్చట కూడా వచ్చింది. నోట్లోవీ పండ్లే, చెట్టువీ పండ్లే. 'పండ్లు తోముకున్నవా?' అని పొద్దున, 'పండ్లు తిన్నవా?' అని మాపటికి అడుగుతారు. ఏ పిల్లవాడూ తికమక పడడు. వాక్యంలోని క్రియ ఆ తేడా చెబుతుంది.

6. కోలాంగూడెంలో ఒక సాయంత్రం

గోదావరి దాటి ఆదిలాబాదు అడవుల్లో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒక కోలాం గూడెంలో కొన్ని సాయంత్రాలు కూర్చున్నాను. ఒక పెద్దాయన తన ముఖం మీద వేలు పెట్టి మాటలు చెబుతున్నాడు, నేను రాసుకుంటున్నాను. చెవి పట్టుకుని 'కెవ్' అన్నాడు. కన్ను చూపించి 'కన్' అన్నాడు. రెండు వేళ్ళతో రెండు కన్నులూ చూపించి 'కండ్ల్' అన్నాడు.

నా చెయ్యి ఆగిపోయింది. చిన్నప్పటి ఎర్ర సున్న గుర్తొచ్చింది. నా అమ్మమ్మ మాటను ఇంకో భాష మాట్లాడే మనిషి, తెలుగు బడి మొఖం చూడని మనిషి, నాకు తిరిగి ఇస్తున్నాడు.

తర్వాత పుస్తకాల్లో చూస్తే అదే ఉంది. ఆదిలాబాదులో అధికారిగా పనిచేసిన సేతుమాధవరావు పగడి 1950లో కోలామీ వ్యాకరణం అచ్చువేశారు. ఎమెనో 1955లో కోలామీ మీద పెద్ద గ్రంథం రాశారు. ఏకవచనం కన్, బహువచనం కండ్ల్. కోలామీకి తోబుట్టువైన నాయకీలో కూడా అంతే.

ఇది తెలుగు నుంచి అప్పు కావచ్చు కదా అని జాగ్రత్తగల విద్యార్థి అడగాలి. కోలాంలు తరతరాలుగా తెలుగు, గోండి, మరాఠీల నడుమ బతుకుతున్నారు. దానికి జవాబు 'కెవ్'లో ఉంది. తెలుగులో ఇ, ఎ ల ముందు పాత క, చ అయింది. *కెవి చెవి అయింది; మన ఊర్లలో అది శెవు. *కయ్ మొదట *కెయ్‌గా మారి, చెయ్యి అయింది. కన్నడంలో కివి, కయ్యి. గోండిలో కయ్. కోలామీ తన ఒంటి మాటలను తెలుగు నుంచి తెచ్చుకుని ఉంటే, అక్కడ చ వినపడాలి. వినపడేది క. కనుక కోలాం మనిషి చెవి అతని పుట్టింటిదే. కన్ను కూడా పుట్టింటిదే. కన్ను ఎంత దగ్గరగా వినపడినా, దాని వయసు తేల్చే సాక్షి చెవి.

మన భాషలో కూడా ఆ పాత క కొన్నిచోట్ల దాగి ఉంది. కైకొను, కైసేయు, కైదండ అన్నప్పుడు చెయ్యి ఇంకా కైగానే కనిపిస్తుంది.

7. 'రెండు కండ్లు'

కృష్ణమూర్తి గారి ప్రతిభ ఎక్కడుందో చెప్పడానికి నాకు ఈ రెండు మాటలు చాలు: 'రెండు కండ్లు'.

ఆయనకు ముందు తెలుగును ఎక్కడ ఉంచాలో పండితులకు తెగలేదు. బహువచనం చూస్తే తెలుగు, కోలామీ దగ్గరివి. మన కండ్లు, వాళ్ళ కండ్ల్. గోండిలో కన్నులను 'కన్క్' అంటారు. అక్కడ బహువచనం క. మూలద్రావిడంలోని క, ళ అనే రెండు పోగుల్లో గోండి ఒకటి పట్టుకుంది, మనం ఇంకొకటి పట్టుకున్నాం. తమిళ 'కళ్'లో రెండూ పేనుకుని ఉన్నాయి. బహువచనం ఒక్కటే చూస్తే గోండి మనకు దూరమనిపిస్తుంది.

ఇప్పుడు అంకె చూడండి. తమిళంలో ఇరండు. కోలామీలో ఇందింగ్. రెండింటిలోనూ మాట ఇ తోనే మొదలవుతుంది. తెలుగులో రెండు. గోండిలో రండ్. మొదటి అచ్చు వెనక్కి జరిగి, ర ముందుకు వచ్చింది. ఈ తారుమారు తెలుగు, గోండి, కొండ, కూయి, కువి భాషల్లో వరుసగా జరిగింది. పాత సొమ్మును ఇద్దరు దాచుకోవడం చుట్టరికానికి గట్టి రుజువు కాదు. దూరపు బంధువులు కూడా దాచుకుంటారు. ఇద్దరూ కలిసి కొత్తగా ఒక పని చేశారంటే, అప్పుడు ఒకే ఇంట్లో ఉన్నారని అర్థం. 1961 నాటి తన గ్రంథంలో కృష్ణమూర్తి గారు ఇలాంటి మార్పుల ఆధారంగా తెలుగును గోండి, కొండ, కూయి భాషల సరసన కూర్చోబెట్టారు. ఈ రోజు ద్రావిడ భాషాశాస్త్రం ఆ పీటనే ఒప్పుకుంటుంది. గోండి మన తోబుట్టువు. కోలామీ మన దాయాది.

అంటే జగిత్యాలలో ఒక తల్లి 'బిడ్డా, నువ్వే నాకు రెండు కండ్లు' అన్నప్పుడు, 'రెండు' అనే మాటలో ఆమె గోండి తల్లితో ఒకే వాకిట్లో నిలబడుతుంది. 'కండ్లు' అనే మాటలో కోలాం తల్లితో గొంతు కలుపుతుంది. ఒక వాక్యంలో మూడు జాతుల చరిత్ర ఉంది. ఆమెకు ఆ సంగతి తెలియదు. తెలియజెప్పే పని మనది.

8. దూరదేశపు కన్ను

ఇది మన ఒక్కరి కథ కాదు. ఐరోపాలో స్లావ్ జాతుల భాషలున్నాయి: రష్యన్, పోలిష్, చెక్, సెర్బియన్. వాటికి కూడా రాత లేని తల్లి ఉంది. దాన్ని కూడా చుక్క పెట్టే రాస్తారు. మూలస్లావిక్‌లో కంటికి *ఓకో. విభక్తి చేరితే ఆ మాట మధ్యలో స-కారం వచ్చి చేరేది; కన్ను కంటి అయినట్టే. ఆ భాషలో ఏకవచనం, బహువచనంతో పాటు ద్వివచనం ఉండేది. రెండు కన్నులకు *ఓచి. కాలక్రమంలో చాలా స్లావ్ భాషల్లో ద్వివచనం చచ్చిపోయింది. అయినా పోలిష్‌వారు ఇప్పటికీ కన్నులను 'ఓచి' అనే అంటారు. చేతులకు వారు వాడే రూపం కూడా పాత ద్వివచనమే. వ్యాకరణం నుంచి పోయిన వచనం ముఖం మీద, చేతుల మీద మిగిలింది.

మూలస్లావిక్‌లో చేతికి *రొంక. దాని బంధువైన లిథుయేనియన్‌లో రంక. అదే భాషలో 'ఏరుట, పోగుచేయుట' అనే ధాతువు దానికి తోడు ఉంది. చెయ్యి అంటే పోగుచేసేది అని ఆ జాతి అనుకుంది. వరికోతల తర్వాత పరిగె ఏరిన మన ఆడవారికి ఆ అర్థం వివరించనవసరం లేదు.

సంస్కృతంలో కూడా చూడండి. ప్రథమా విభక్తిలో అక్షి. తృతీయలో అక్ష్ణా. న-కారం ఎక్కడి నుంచో వచ్చి చేరింది. పాణిని దానికి సూత్రం చెప్పవలసి వచ్చింది. మనకు కన్ను, కంటి. వారికి అక్షి, అక్ష్ణా. స్లావులకు ఓకో, ఓచి. మన కుటుంబంతో చుట్టరికం లేని భాషల్లో కూడా కన్ను ఒకే తీరుగా ప్రవర్తించింది. కారణం సులభం. రోజుకు వందసార్లు పలికే మాటను కొత్త సూత్రం లొంగదీయలేదు. పిల్లవాడు దాన్ని సూత్రంతో కట్టుకోడు. తల్లి నోటి నుంచి ఉన్నదున్నట్టు అందుకుంటాడు. అందుకే పాత విభక్తులు ఇంటి మాటల్లో బతుకుతాయి.

9. చూపు కూడా అక్కడి నుంచే

కన్నుతో పాటు చూడటానికి కూడా ఒక ధాతువు ఉంది. తమిళంలో కాణ్; భూతకాలంలో కండ. ఒకసారి దీర్ఘం, ఒకసారి హ్రస్వం. తెలుగులో కను. 'చూశాను' అనడానికి పాత తెలుగులో 'కంటిని'. 'కంటి' అనే రూపం నామంలోనూ క్రియలోనూ ఒకేలా వినపడుతుంది. కన్ను, చూపు ఒకే ఊట నుంచి వచ్చిన రెండు పాయలు.

మరి దీర్ఘం ఎక్కడ? మన ఊర్లో అడగండి. పొగమంచులో దారి కనపడకపోతే 'ఏం కానొస్తలేదు' అంటారు. ఆ 'కాన'లో మూలద్రావిడ దీర్ఘం అట్లనే ఉంది. దీన్ని కూడా ఎర్ర సిరా దిద్దుతూనే ఉంది.

ఇంకా పొలానికి పోదాం. చెరుకు నాటే రైతు ముచ్చెకు ఎన్ని కండ్లున్నాయని చూస్తాడు. ఆ కన్ను నుంచే మొలక వస్తుంది. టెంకాయకు మూడు కండ్లు. 1962లో కృష్ణమూర్తి గారు సంపాదకులుగా వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటి వ్యవసాయం మీదనే. ఊరూరా తిరిగి, రైతుల నోటి మాటలను రాసి, ఒక్కో మాట ఏ జిల్లాలో ఎట్లా వినపడుతుందో పటాలు గీయించారు. ఆ పుస్తకం మనకు ఒక పాఠం చెప్పింది: పండితుడు రైతు దగ్గరికి పోయి నేర్చుకోవాలి. తెలుగు నేలను ఆయన నాలుగు భాషామండలాలుగా చూపినప్పుడు తెలంగాణను ఉత్తర మండలం అన్నారు. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని ఎక్కడా అనలేదు.

10. మన ముందున్న పని

కరీంనగర్ గడ్డకు బహుభాషల సంగతి కొత్త కాదు. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలో పంప కవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనంలో కన్నడం, సంస్కృతం, తెలుగు మూడూ ఒకే రాతి మీద ఉన్నాయి. మన తొలి కంద పద్యాలు అక్కడే ఉన్నాయి. మూడు భాషలు ఒక బండ మీద ఇమిడాయి. మూడు భాషలు ఒక బడిలో ఇమడవా?

ఆదిలాబాదు గోండు గూడెం మార్లవాయిలో 1943లోనే గోండి పిల్లలకు గోండిలో చదువు చెప్పే ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, ఆయన భార్య అక్కడే ఉండి ఆ పని చూశారు. నార్నూరు దగ్గరి గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆదిలాబాదు గోండి మీద పి.ఎస్. సుబ్రహ్మణ్యం గారు 1968లో వర్ణనాత్మక వ్యాకరణం అచ్చువేశారు. ఇవన్నీ మన ఇంటి ముందరి ఆస్తులు. 2011 జనగణనలో గోండి మాట్లాడేవారు దాదాపు 29.8 లక్షలు. కోలామీ మాట్లాడేవారు 1.28 లక్షలు. ఆ కోలామీవారిలో చాలామంది మహారాష్ట్రలో ఉంటారు. ఒక చిన్న పట్టణమంత జనం, నాలుగు వేల ఏండ్ల కెవ్‌ను, కండ్ల్‌ను మోస్తున్నారు. గూడెంలో తాతలు ఆ మాటలు అంటున్నారు. మనవలు సెల్‌ఫోనులో ఇంకో భాష వింటున్నారు.

2018 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 'కంటి వెలుగు' మొదలైంది. ఊరూరా కంటి పరీక్షలు చేసి అద్దాలిచ్చారు. ఆ పేరులో ఉన్న 'కంటి'ని గమనించమని అప్పుడు నేను నా విద్యార్థులకు చెప్పాను. మసకబారిన చూపుకు అద్దాలివ్వగలిగిన సమాజం, మసకబారుతున్న మాటకు కూడా ఏదో ఒకటి చేయగలగాలి.

చేయగలిగిన పనులు చిన్నవే. ఆసిఫాబాదు, ఉట్నూరు, జైనూరు వైపు పనిచేసే ప్రతి ఉపాధ్యాయుడూ తన బడిలోని పిల్లలను అడిగి ముప్పై ఒంటి మాటలు రాసుకోవచ్చు: ఏకవచనం, బహువచనం, 'లో' చేర్చిన రూపం. మూడు గీతలు గీసిన ఒక నోటుపుస్తకం చాలు. సెల్‌ఫోను ఉంటే గొంతు కూడా పట్టుకోవచ్చు. కన్ను ఒక్కటే రాసుకుంటే ణ పోయిందని మాత్రమే తెలుస్తుంది. కంటి, కండ్లు కూడా రాసుకుంటే అది ఎక్కడ దాగిందో తెలుస్తుంది. ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు, కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల: ఈ ఎనిమిది జిల్లాల్లోని డిగ్రీ కళాశాలల తెలుగు శాఖలు తలా ఒక మండలం పంచుకుంటే, రెండేండ్లలో ఈ నేల ఒంటి మాటల పటం తయారవుతుంది. కృష్ణమూర్తి గారి పేరు మీద మనం చేయగల పని ఇది. దండ వేయడం కంటే ఇది ఆయనకు ఎక్కువ నచ్చుతుంది.

ఇక ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మాట. మీ తరగతిలో ఒక పిల్ల 'మా అమ్మమ్మకు కండ్లు కానొస్తలేవు' అని రాస్తే, ఎర్ర పెన్ను పక్కన పెట్టండి. 'కళ్ళు' కూడా నేర్పండి, అది కూడా ఆ పిల్లకు కావాలి. కానీ ముందు ఆ పిల్లకు చెప్పండి: బిడ్డా, నువ్వు రాసిన మాట చాలా పాతది, చాలా మంచిది, మీ అమ్మమ్మను ఆగకుండా అనమను.